ట్రాకు ఆగిన చోట

శుక్రవారం. మామా నాలుగు గంటలు సెలవిచ్చింది.
ఖైతాన్‌లో స్కూలు హాలు, పక్క గదిలో నేను
నోట్లో నాలుగు పిన్నీసులు పట్టుకొని
రాజుగారి నడికట్టు బిగిస్తున్నా.
రాజు పెంచలయ్య. నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు.
"ఒకసారి గొంతు సరిచేసుకో అన్నా" అంటే నవ్వినాడు:
"గొంతుతో పనేముందక్కా,
పద్యాలన్నీ తెనాలి నుంచి వాట్సాప్‌లో వచ్చేసినాయి."

నేను పదేండ్లు రాణి వేషం కట్టినదాన్ని.
ఇక్కడ ఎవరికీ తెలీదు.
లిస్టులో నా పేరు ఎదురుగా 'మేకప్, కుట్టు' అని ఉంది.

కోడూరులో చెంగల్రాయుడు మాస్టరు
తెల్లారగట్ల లేపి మూతి ముందర దీపం పెట్టేవాడు.
'ఆ' అని గుక్క పట్టాల, ఒత్తి కదలకూడదు.
ఒక ఎండాకాలమంతా నాకు
'స' తప్ప ఇంకో అక్షరం ఇవ్వలేదు.
రిహార్సల్లో ఆయన స్టేజి కాడ కూర్చోడు.
అదుగో ఆ చివర, పల్లీలమ్మే గోవిందు పక్కన,
గోనెపట్ట మీద, బీడీ ఆర్పి అరుస్తాడు:
"రాణెమ్మా, వత్తు ఇంతదూరం రాలేదు!
గోవిందుకు అందని పద్యం దండగ."
తెర లేచినాక మూడడుగులే.
జనానికి వీపు చూపితే ఆ పూట కూలి కోత.

ఇప్పుడు తెరల్లేవు.
ఎల్‌ఈడీ గోడ మీద రాజమందిరం, ఏ దేశపుదో.
దాని స్తంభం మీద మౌసు బాణం పేనులాగ పాకుతోంది.
హార్మోనియం ఉంది, తిత్తి కట్టేసే ఉంది.
రాజు చెంపకు మైకుంది, దాని తీగ దేనికీ తగిలించలేదు.
తమ్ముడి శవం మీద పడి ఏడ్చే చోట
కమిటీవాళ్ళు శాలువా తెచ్చి ఎక్కినారు.
శవం లేచి, దుమ్ము దులుపుకొని, ఫోటోకు నిలబడింది.
ఎవరో "వన్స్‌మోర్" అంటే
లాప్‌టాప్ కాడ ఇంతియాజు
వేలితో పద్యాన్ని వెనక్కి లాగినాడు.
అదే గుక్క. అదే వెక్కు.
తెనాలిలో ఎవరో దగ్గిన అదే దగ్గు.

తిట్టబుద్ధి కాదు.
పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చిన మనుషులు.
గదికి ఎనిమిదిమంది. ఒకడు 'ఆ' అంటే
ఏడుగురు చెప్పులెత్తుతారు.
దీపం ఎక్కడ పెట్టుకుంటారు?

రెండో అంకంలో, రాగం నడిమధ్యన, ట్రాకు ఆగింది.
పెంచలయ్య నోరు తెరిచే ఉంది,
దవడపంటికి వేసిన సిమెంటు కనపడేంత.
రాజమందిరంలో చక్రం గిర్రున తిరుగుతోంది.
హాలంతా ఏసీ రొద.

నాకా పద్యం వచ్చు.
పిన్నీసులు అరచేతిలోకి ఉమ్మి
పక్కమెట్ల మీద నుంచే ఎత్తుకున్నా, ఐదు శ్రుతిలో.
మొదటి పాదం దాటింది.
పై షడ్జం కాడ
గొంతు చింకిగుడ్డలాగ చిరిగింది.
పదకొండేండ్లు "హాదిర్ మామా" అని
అణిగి పలికిన గొంతు,
బాత్రూములలో క్లోరాక్సు ఆవిరి తాగిన గొంతు.
ముందు వరసలో పిల్లకాయలు నవ్వినారు.
"వచ్చింది, వచ్చింది" అన్నాడు ఇంతియాజు.
తెనాలి గొంతు నా మీది నుంచి లారీలాగ పోయింది.

ఆ చివర, తలుపు కాడ,
స్కూలు వాచ్‌మన్ ఒకడు కుర్చీలోంచి లేచి
నా దిక్కే చూస్తున్నాడు.
బెంగాలీ మనిషి. ఏం అందిందో ఏమో.

రాత్రి రెండయింది గిన్నెలు అయ్యేసరికి.
ఫ్రిజ్జు మూలుగుతోంది.
ఇన్నేండ్లుగా వింటున్నా, శ్రుతి చూడలేదు దానిది.
నాలుగుకు పిసరంత తక్కువ.
పొయ్యి చిన్నమంట మీద పెట్టి,
వంగి,
చప్పుడు పైకి పోకుండా, 'స' అన్నా.

మంట కదిలింది.
మెట్ల పైన, మామా గదిలో లైటు వెలిగింది.